బొమ్మ పూర్తయ్యేదాకా

కరోనా తగ్గి, ఊళ్ళలో కంటి క్యాంపులు మళ్ళీ మొదలైన ఏడాది అది. నేను నారాయణఖేడ్‌లో ఒక దవాఖానలో ఆప్తాల్మిక్ అసిస్టెంట్‌గా పని చేస్తున్నాను. అంటే కంటి డాక్టరును కాదు, నర్సునూ కాదు. చూపు పరీక్షించడం, అద్దాలు రాయడం, శుక్లాలు వచ్చినవాళ్ళను గుర్తించి ఆపరేషన్‌కు పంపడం నా పని. ఊళ్ళవాళ్ళు నన్ను "కండ్ల మేడం" అంటారు. ఆపరేషన్లు మా దగ్గర జరగవు. నెలకోసారి పెద్ద ఆసుపత్రి బస్సు వచ్చి, మేం ఎంచిన రోగులను తీసుకుపోయి, మర్నాడో ఆ మర్నాడో కంటికి పచ్చ గుడ్డ కట్టి తెచ్చి దింపుతుంది.

సంగమ్మ మనూర్ దిక్కు నుంచి వచ్చింది. కొడుకు వీరప్ప ఆమె చేయి పట్టుకుని నడిపించుకొచ్చాడు. సన్నటి మనిషి. ముంజేతుల నిండా పచ్చబొట్లు, కాళ్ళకు అరిగిపోయిన వెండి కడియాలు. కుడి కన్ను ఎప్పుడో వయసులో ఉన్నప్పుడే పోయింది. జొన్న కోతలో చొప్ప గుచ్చుకుని పువ్వు వేసింది. అంటే నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కట్టింది. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరి పాప మొత్తం ముత్యంలా తెల్లబడింది. దీన్ని మేం మెచ్యూర్ కేటరాక్ట్ అంటాం. చూపు ఉండదు, వెలుతురు మాత్రం తెలుస్తుంది.

అలాంటి కంటికి మేం చేసే పరీక్ష చాలా చిన్నది. చీకటి గదిలో టార్చి ఒక్కో దిక్కు నుంచి వేసి, వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూపించమంటాం. రోగి సరిగ్గా చూపిస్తే కంటి వెనకనున్న నరం బాగున్నట్టే. పొర తీసేస్తే చూపు వస్తుంది. సంగమ్మ ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు.

"ఆపరేషన్ చేస్తే కనబడతదా బిడ్డా?"

"కుడి కన్నుకు ఏం చెయ్యలేం అవ్వా. ఎడమది మంచిగ కనబడతది."

"ఒక్కటి చాలు. కోడలు చెయ్యి పట్టుకొని బైటికి పోవుడు సావు లెక్కనున్నది. నా చెంబు నేను పట్టుకొని పోతే గంతే చాలు నాకు."

వచ్చే బస్సుకు ఆమె పేరు ఖాయం చేశాను. వీరప్పకు ఏమేం తేవాలో చెబుతుంటే, లోపలికి ఒక విదేశీయుడు వచ్చాడు. బీదర్ రోడ్డు మీద బండి నడుపుతూ వస్తుంటే కంట్లో నలుసు పడిందట. పై రెప్ప తిప్పి దూదితో నలుసు తీసేశాను. నీళ్ళు కారుతున్న కన్ను తుడుచుకుని, ఎదురుగా బల్ల మీద కూర్చున్న సంగమ్మను చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

అతని పేరు లూకాస్. యూరప్‌లో ఏదో చిన్న దేశం చెప్పాడు. చిత్రకారుడు. బీదర్ కోట గీయడానికి వచ్చి, ఈ పక్క ఊళ్ళు నచ్చి, నారాయణఖేడ్‌లోనే గది అద్దెకు తీసుకున్నాడు. చాలా ఏళ్ళు మన దేశంలో తిరిగాడు కాబట్టి హిందీ బాగానే మాట్లాడేవాడు. మా దిక్కుకు ఇలాంటివాళ్ళు కొత్త కాదు. హైదరాబాదు నుంచి వచ్చి పచ్చబొట్ల గురించి రాసుకుపోయేవాళ్ళను, బీటలు వారిన చేనును ఫొటోలు తీసుకునేవాళ్ళను చూశాం. చెరువు నిండిన ఏడు మాత్రం ఎవరూ రారు. అయినా లూకాస్ మీద నాకప్పుడు చెడ్డ అభిప్రాయం ఏమీ కలగలేదు. మెత్తగా మాట్లాడేవాడు. బయటికి పోతూ వీరప్పతో ఏదో మాట్లాడుతుంటే, ముసలామె మీద జాలిపడ్డాడనుకున్నాను.

బస్సు వచ్చిన పొద్దున అందరూ ఎక్కారు, సంగమ్మ రాలేదు. ఫోన్ చేశాను.

"గీ నెల వద్దు మేడం," అన్నాడు వీరప్ప. "గా ఫారిన్ సార్ అమ్మ బొమ్మ గీస్తుండు. రోజూ ఇంటికే వస్తుండు. బొమ్మ అయినంక నేనే తోల్కొస్త."

"బొమ్మకూ ఆపరేషన్‌కూ ఏం సంబంధం వీరప్పా? రెండు రోజుల్ల ఇంటికి వస్తది."

"కన్నుకు కట్టు కడితే ఎట్ల గీస్తడు మేడం? జర ఆగమన్నడు."

తర్వాతి నెల కూడా అదే మాట. ఆదివారం షేర్ ఆటో ఎక్కి ఆ ఊరు పోయాను.

సంగమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మంచి చీర కట్టారు, తలకు నూనె రాశారు. ఏటవాలుగా వచ్చే ఎండ సరిగ్గా ముఖం మీద పడేటట్టు కూర్చోబెట్టాడు లూకాస్. ఆ వెలుగులో రెండు కళ్ళూ తళతళ మెరుస్తున్నాయి. అతను ఎదురుగా స్టాండు వేసుకుని కుంచెతో పని చేస్తున్నాడు. పక్కన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, గోడెక్కిన పిల్లలు. ఊళ్ళో ఏదో శుభకార్యం జరుగుతున్నట్టుంది.

నేను అతన్ని పక్కకు పిలిచి, హిందీలో, ఎంత వివరంగా చెప్పగలనో అంత వివరంగా చెప్పాను. ముదిరిన శుక్లాన్ని అలాగే వదిలేస్తే అది మాగిపోయిన పండులా లోపలే కరిగి కారుతుంది. ఆ కారినది కంట్లో నీరు బయటికి పోయే దారిని మూసేస్తుంది. కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. నరం చచ్చిపోతుంది. ఆ తర్వాత ఏ ఆపరేషన్ చేసినా చూపు రాదు.

అతను శ్రద్ధగా విన్నాడు. "ఎప్పుడు జరుగుతుంది అలా?" అన్నాడు.

"చెప్పలేం. వచ్చే నెలైనా కావచ్చు, ఏడాది దాకా ఏమీ కాకపోవచ్చు."

"అయితే ఇంకొంచెం సమయం ఉన్నట్టే కదా. మేడం, నేను ఎన్నో దేశాలు తిరిగాను. ఇలాంటి ముఖం ఎక్కడా చూడలేదు. ఆపరేషన్ అయితే ఆ కన్ను అందరి కన్నులాగే అయిపోతుంది."

"ఆమెకు కావలసింది అదే," అన్నాను.

"కొడుకు చేత ఆమెను అడిగించాను. బలవంతం చేయలేదు. ఆగుతానని ఆమే చెప్పింది."

అది అబద్ధం కాదు. సంగమ్మ దగ్గరికి పోయి కూర్చుంటే, నా గొంతు గుర్తుపట్టి చేయి పట్టుకుంది.

"ఎందుకు రాలేదవ్వా? బస్సు ఆపుకొని చూసిన నీ కోసం."

"వస్త బిడ్డా. యాడికి పోత? గాయినె బొమ్మ అయిపోనియ్యి."

"అంతదాకా ఎందుకు?"

సంగమ్మ, ఆడపిల్లలు రహస్యం చెప్పుకున్నట్టు నా వైపు వంగింది.

"పొద్దుగాల వస్తడు, పొద్దుమూకినంక పోతడు. గంతసేపు నన్నే సూస్తుండు. నా మొగడన్న గట్ల సూడలే. ఇంట్ల అన్నం పెట్టేతప్పుడు సుత నా మొకం ఎవలు సూస్తరు? ఇగ జరంత ఉంటె ఏమైతది తియ్యి."

లేచి పోయి వీరప్పను గట్టిగా కోప్పడ్డాను. "మా ఇంటికి గంత దూరంకెళ్ళి మనిషి వచ్చిండు మేడం, కాదంటే బాగుంటదా?" అన్నాడు. అతనిలో చెడ్డతనం ఏమీ లేదు. బండి మీద తిరిగి బట్టలమ్ముకునేవాడు, ఎప్పుడూ ఎవరూ లెక్కచేయని ఇల్లు. ఇప్పుడు ఊరంతా వాళ్ళ అరుగు చుట్టూ చేరింది.

శివరాత్రి దాటాక బొమ్మ పూర్తయింది. లూకాస్ అందరికీ చూపించి, సంగమ్మ కాళ్ళకు మొక్కి, దాన్ని జాగ్రత్తగా చుట్టుకుని విమానమెక్కాడు. నేను వెంటనే వీరప్పకు ఫోన్ చేశాను. అప్పటికే ఎండలు మొదలయ్యాయి.

"ఎండాకాలం కోత పెట్టియ్యొద్దని చుట్టాలంటుండ్రు మేడం, చీము పడతదట. వానలు పడంగనే తోల్కొస్త."

అలాంటిదేం లేదు, ఎండాకాలంలోనూ రోజూ ఆపరేషన్లు జరుగుతున్నాయని ఎంత చెప్పినా చుట్టాల మాటే గెలిచింది. చలికాలం బొమ్మకు పోయింది, ఎండాకాలం భయానికి పోయింది.

రోహిణి కార్తె ఎండల్లో ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. తల పగిలిపోతోందని, వాంతులని, ఊళ్ళో ఒకతను నొప్పి సూదులు వేస్తూ వచ్చాడట. తలనొప్పి అనుకున్నారు అందరూ. నేను కన్ను చూడగానే తెలిసింది. ఎర్రగా నిప్పులా ఉంది. నల్లగుడ్డు పొగ పట్టిన అద్దంలా మసకబారింది. ప్రెషర్ చూసే టోనోమీటర్ పెడితే, ఉండవలసినదానికి ఎన్నో రెట్లు చూపించింది.

ఒక చేత్తో మందులు వేస్తూనే ఇంకో చేత్తో టార్చి తీశాను. అదే గది, అదే పరీక్ష.

"అవ్వా, వెలుతురు ఎటుకెళ్ళి వస్తుంది?"

"ఏసినవా బిడ్డా?"

టార్చి ఆమె కంటికి ఆనించినంత దగ్గరలో వెలుగుతోంది.

పెద్ద ఆసుపత్రికి పంపాం. వాళ్ళు అదే రోజు శుక్లం తీసేశారు, నొప్పి తగ్గింది. చూపు రాలేదు. నరం చచ్చిపోయిందని డాక్టరు చెప్పాడు. కట్టు విప్పిన తర్వాత వీరప్ప నా గదికి వచ్చి నిలబడ్డాడు. "ఇంకో పెద్ద దవాఖానకు తీస్కపోతే?" అన్నాడు. లేదన్నాను. "నన్ను తిట్టు మేడం," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేదేమో, అందుకే తిట్టలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం లూకాస్ నా గది గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు. బొమ్మ వాళ్ళ దేశంలో ప్రదర్శనకు పెట్టాడట, పత్రికల్లో వేశారట. దాని నకలును పెద్దగా అచ్చు వేయించి సంగమ్మకు ఇవ్వడానికి తెచ్చాడు. "ఆపరేషన్ అయిందా? ఇప్పుడు తన బొమ్మ తానే చూసుకుంటుంది కదా!" అన్నాడు. నిజంగా ఆ సంతోషంతోనే వచ్చాడు.

జరిగింది చెప్పాను. బల్ల మీద కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. కానీ నాకు జాలి కలగలేదు. "రండి, ఆమె ముందు ఏడవండి," అని వెంటబెట్టుకుని పోయాను.

సంగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లూకాస్ వచ్చాడని వీరప్ప చెప్పగానే ముఖం వెలిగింది. అతను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, క్షమించమని హిందీలో ఏదేదో అంటున్నాడు. ఆమెకు అదేమీ పట్టలేదు.

"బొమ్మ తెచ్చిండంట కదా. బిడ్డా, నువ్వు చెప్పు. నేనెట్లున్న?"

అచ్చు విప్పి గోడకు ఆనించారు. బొమ్మ గొప్పగా ఉంది. ఆ మాట కాదనలేను. చెప్పడం మొదలుపెట్టాను.

"పచ్చబొట్లు అన్నీ ఏసిండవ్వా. ఒక్కటి ఇడవలే. కడియాలున్నయి. చీర అంచు గుడ ఉన్నది."

"మొకం?"

"ముడతలున్నయి. గంభీరంగ ఉన్నవు."

"కండ్లు?"

నేను మళ్ళీ పచ్చబొట్ల మాట ఎత్తబోయాను. ఆమె మళ్ళీ అడిగింది.

"రెండు కండ్లు తెల్లగ ఏసిండు."

"రెండు తెల్లగనా? ఎందుకు?"

"అప్పుడు నీ కండ్లు గట్లనే ఉండె కదవ్వా."

సంగమ్మ చేయి నెమ్మదిగా పైకి పోయి రెప్పల మీద ఆగింది. "కుడి కన్ను పువ్వు నాకెరికే. ఎడమది సుత తెల్లగుండెనా? నాకు ఎవలు చెప్పలే. పొర అంటే లోపట ఉంటదనుకున్న. పైకి నల్లగనే ఉన్నదనుకున్న." కొడుకు వైపు తిరిగింది. "ఏంరా, నీకు ఎరికేనా?"

వీరప్ప నేల చూస్తున్నాడు. ఆమె ఏమంటోందని లూకాస్ నన్ను అడిగాడు. చెప్పాను. అతను తడబడ్డాడు. "కానీ... అందులో అందమంతా ఆ కళ్ళే," అన్నాడు.

"ఏమంటుండు?" అంది సంగమ్మ.

దాచలేదు. "కండ్లు తెల్లగుంటెనే మంచిగున్నదంటుండు."

ఆమె గొంతు పెంచకుండానే అంది: "గంత మంచిగుంటె ఆయన కండ్లు గట్ల చేసుకొమ్మను. బొమ్మ తీస్కపొమ్మను. నేను మొకం గీస్తుండనుకున్న."

ఆ మాటను మాత్రం నేను హిందీలోకి మార్చలేదు. మార్చవలసిన అవసరం లేకపోయింది. అతను అచ్చు చుట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా దిక్కుకు రాలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. మా చదువులో ఆ పాఠం లేదు. శుక్లంతో వచ్చిన ముసలివాళ్ళందరికీ, పరీక్ష చేయకముందే, వాళ్ళ కన్ను బయటివాళ్ళకు ఎలా కనిపిస్తోందో చెబుతాను. "నీ కంటిపాప తెల్లబడ్డది, చూసేవాళ్ళకు తెలుస్తుంది," అంటాను. కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఒకామె కొంగు లాక్కుని నా ఎదుటే ముఖం కప్పుకుంది. అయినా చెబుతూనే ఉన్నాను. సంగమ్మ ఆగుతానని ఒప్పుకున్న మాట నిజమే. కానీ ఎదుటివాడు తనలో ఏం చూస్తున్నాడో ఆమెకు తెలియదు, ఊరందరికీ తెలుసు. తెలియని మనిషి చేత "సరే" అనిపించుకోవడం ఎంత సులువో, ఆ తర్వాత "ఆమే ఒప్పుకుంది కదా" అని అందరం ఎంత హాయిగా నిద్రపోగలమో ఆ ఇంట్లో చూశాను. నా గదిలో మాత్రం ఇక ఎవరూ అలా ఒప్పుకోరు.