పెంటమ్మకు ఇవ్వమన్న కాఫీ గింజలు

వారం రోజులుగా ఆసుపత్రి ప్యాంట్రీలో పడి ఉన్న కాఫీ గింజల పొట్లం ఇప్పుడు నా ముందుంది. విప్పగానే వేయించిన గింజల ఘాటు గుప్పుమని నన్ను రియాద్‌లోని మలాజ్‌కి, మా పాత మేడ మెట్ల మీదికి లాక్కుపోయింది. పొట్లం మీద అరబ్బీలో రాసిన పేరు చూస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

అమ్మ నర్సు. ఆమె డ్యూటీకి వెళ్తే కింది వాటాలో ఉండే ఎరిత్రియా ఆవిడ నన్ను చూసుకునేది. పేరు అబ్రెహెత్, నేను ఖాలా అనేదాన్ని, అరబ్బీలో పిన్ని అని. ఎండాకాలం మధ్యాహ్నాలు, కూలర్ తడిగడ్డి వాసన మధ్య, ఆవిడ పచ్చి గింజలు నల్లబడేదాకా వేయించి, ఆ పొగను అందరి ముక్కుల దగ్గరికీ తిప్పి, మట్టి కూజాలో మూడుసార్లు కాచి, మూడో విడత బాగా పలచబడ్డాక చక్కెర వేసి నాకూ, కొడుకు కహ్సాయ్‌కీ పోసేది. వాళ్ల తిగ్రిన్యా భాషలో తన పేరుకు 'వెలుగిచ్చింది' అని అర్థమట. కహ్సాయ్ అంటే 'నాకు దక్కిన పరిహారం'. ముందు బిడ్డ పోయాక పుట్టినవాడికి అలా పెట్టుకుంటారట.

నా పేరు పెంటమ్మ. నాకు ముందు ఇద్దరు పోయారని, నేను పుట్టగానే నాయనమ్మ పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకుంది. బడిలో నవ్వుతున్నారని ఏడిస్తే అమ్మ, "ఏడవమాకే, నిన్ను నిలబెట్టింది ఆ పేరే" అనేది. నాకది తలకెక్కేది కాదు. ఖాలా మాత్రం నవ్వలేదు. మేం, పోయిన బిడ్డకు బదులు దక్కిందనుకుంటాం, మీరు ఇది పనికిరానిదని చావుకే చెప్పి దాచుకున్నారు, రెండూ తల్లుల భయమే అంది. ఆ రోజు నుంచి మేడంతా వినేలా "పెంటమ్మా" అని ముద్దుగా పిలిచేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పోరి పోరి, పాస్‌పోర్టులో ప్రిసిల్లా అని మార్పించుకున్నాను.

ఇప్పుడు ఇదే రియాద్‌లో, అమ్మ చేసిన ఆసుపత్రిలోనే నేనూ నర్సుని. పోయిన వారం ఓ ముసలావిడ కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడి, పెంటమ్మ కావాలందట. నల్గొండ నుంచి వచ్చిన మా రిసెప్షనిస్టు కంప్యూటర్లో వెతికాడట. ఇవాళ పొట్లం చూసి నేను అడిగితే చెప్పాడు.

"గా పేరుతోని ఎవ్వరు లేరని చెప్పిన అక్కా. ఎగ్జిట్ కొట్టిచ్చుకున్నదంట, ఇగ మల్ల ఈ దేశం రాదంట, తెల్లారి ఫ్లైటంట. గీ పొట్లం పెట్టి పోయింది."

వాడి మీద అరిచాను. అరిచి ఏం లాభం, ఆ పేరు చెరిపింది వాడు కాదు. మలాజ్ మేడ కూల్చి షోరూమ్ కట్టారు, ఖాలా నంబరు ఎవరి దగ్గరా లేదు. ఈ ఊళ్లో నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి ఇంకొకరు లేరు. ఆవిడ అడిగిన ఆ గంటసేపూ నేను పైన, రెండో అంతస్తులోనే ఉన్నాను.