అయ్యవారు చదవని పుటలు

పుట తిరగేసిన చప్పుడు ముందుగా వచ్చింది. నా కళ్ళకు శుక్లాలు వచ్చినప్పటి నుంచి మా అన్న మనవరాలు పొద్దున్నే అరవ పేపరు చదివి వినిపిస్తోంది. మా ఇళ్ళలో మాట తెలుగు, చదువు అరవం. ధర్మపురిలో మావాళ్ళు చాలామందికి అంతే. పాలక్కోడు దగ్గర పల్లెలో ఒక ఆడపిల్ల బావిలో, అని మొదలుపెట్టిన పిల్ల గొంతు తగ్గించి, చటుక్కున పుట తిప్పేసి వర్షాల వార్త అందుకుంది. "ఏం వదిలేస్తివే?" అని అడిగితే "ఏం లేదులే అవ్వా" అంది. ముసలిదాన్ని, తట్టుకోలేనని దాని జాలి. కోపం రాలేదు కానీ మనసు ఎక్కడికో పోయింది. పుటను అలా ముందుగా తిప్పని మనిషి ఒకాయన మా పక్కింట్లో ఉండేవారు.

ఆయన్ని ఊరంతా అయ్యవారనే పిలిచేది. చిత్తూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి బడిలో లెక్కలు చెప్పి, పని మానుకున్నాక ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, పెట్టెడు తెలుగు పుస్తకాలున్నాయి. సాయంత్రం కాగానే వీధి తిన్నె మీద కూర్చుని ఏదో ఒక కథ పైకి చదివేవారు. తెలుగు మాట్లాడుతూ తెలుగక్షరం ఎరగని మావాళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు. సంతనాడైతే పిక్కిలి కొండల నుంచి మేకలు తోలుకొచ్చినవాళ్ళు కూడా వాటిని వేపచెట్టుకు కట్టేసి వినేవాళ్ళు. యుద్ధకాలం, కిరసనాయిలు దొరకదు, వెలుతురున్నంతసేపే చదువు. నాకప్పటికి ఇరవై నిండలేదు. మొగుడు పోయి అన్న ఇంటికి చేరినదాన్ని, వీధి తిన్నె ఎక్కకూడదు. ఆయన తిన్నెకు ఆనుకున్న మా కిటికీ వెనక కూర్చుని వినేదాన్ని. నేనక్కడ ఉన్నానని ఆయనకు తెలుసు. నన్ను చూడకుండానే గొంతు కాస్త పెంచి చదివేవారు.

తెల్లోళ్ళు పోవాలని ఊళ్ళలో రైలు పట్టాలు పీకుతున్న రోజుల్లో ఒక సబిన్‌స్పెక్టరు వచ్చాడు. అరవమనిషి, తెలుగు రాదు. పుస్తకంలో ఏముందో చెప్పమన్నాడు. అయ్యవారు ఒక్కటీ దాచకుండా అంతా అరవంలో చెప్పారు, ఒక ఊరివాళ్ళు కలిసి సర్కారుకు కిస్తు కట్టబోమని ఎదురు తిరిగే ఘట్టంతో సహా. "ఆ భాగం చదవకూడదు, మిగతాది మీ ఇష్టం" అని చెప్పి అతను వెళ్ళిపోయాడు. మా అన్నకు ఒళ్ళు మండింది.

"వానికి మన అక్షరం ముక్క తెలీదు కదా అయ్యోరూ. పెండ్లి కత అని చెప్పుంటే పోయుండునే."

"అబద్ధం చెప్పి చదివితే, చదివేది తప్పని నేనే ఒప్పుకున్నట్టు కదప్పా" అన్నారాయన.

మర్నాడు చదువు ఆ ఘట్టం దాకా వచ్చింది. వీధి చివర కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. అయ్యవారు నోరు మూసుకున్నారు. పుస్తకం మాత్రం మూయలేదు. కళ్ళు వరుస వెంట వరుస కదులుతున్నాయి. పుట అయిపోగానే తిప్పారు, మళ్ళీ కళ్ళు మొదటి వరుస నుంచి. పైకి చదివితే ఎంతసేపు పడుతుందో అంతసేపూ అలాగే కూర్చున్నారు. మొదట ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ కదలలేదు. కిటికీ వెనక నేను ఆ ఊరివాళ్ళు ఏం చేస్తున్నారో ఊహించుకుంటున్నాను. చివరికి ఆయన గొంతు సవరించుకుని తర్వాతి ఘట్టం అందుకున్నారు. కానిస్టేబులు పోయి చెప్పినట్టున్నాడు, ఆయన్ని స్టేషనుకు పిలిపించి పగలంతా ఎండలో కూర్చోబెట్టారు. నోరు మూసుకున్నాడని కేసు ఎలా రాస్తారు, సాయంత్రానికి వదిలేశారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని మళ్ళీ తిన్నె మీదే కూర్చున్నారు. ఆ ఎండ ఆయన ఒంట్లో ఎక్కడో మిగిలిపోయింది, ఆ తర్వాత మెట్టెక్కినా ఆయాసమే. "అలిసిపోయినాను అమ్మణ్ణీ" అని కిటికీ వైపు తిరగకుండా అనేవారు. పుస్తకం మాత్రం చేతిలోనే ఉండేది.

స్వరాజ్యం వచ్చింది. తిన్నె మీద బెల్లం పంచారు. ఇక ఏ పుటా వదలక్కర్లేదని నేను నిజంగా నమ్మాను, ఎంత వెర్రిదాన్ని. ఆ ఏడే అయ్యవారు కొత్త కథ మొదలుపెట్టారు. అందులో చిన్న వయసులో మొగుడు పోయిన ఒక ఆడది ఉంది. రెండు సాయంత్రాలు గడిచాయో లేదో, మా కులానికి పెద్దగా ఉన్న మా పెదనాయన తిన్నె ముందు నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. నేను తిన్నానా లేదా అని రోజూ అడిగిన మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే.

"అయ్యోరూ, మీరు పెద్దోళ్ళు. మా బిడ్డ కిటికీ ఎనకాల వింటా ఉంది. ఆ ఆడదాని సంగతి వచ్చే పుటలు వదిలేయండి. పుండు మీద కారమెందుకు?"

"పుండు ఆమెది. కారమో మందో ఆమెను అడిగినావా?"

"ఆడబిడ్డను ఏం అడిగేది సామీ?"

అయ్యవారు పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు. "సరే, చదవను. వదిలేసినానని మాత్రం అందరికీ తెలియాల. తెలియకుండా దాటేసేది నా చేత కాదు" అన్నారు. ఆ సాయంత్రం కళ్ళతోనే చదువుతూ కూర్చున్నారు. పుట తిప్పారు. మరో పుట తిప్పారు. తువ్వాలు దులుపుకుని ఒకరు లేచారు. వెనకే ఇంకొకరు. ఆ పుటలు అయ్యేసరికి తిన్నె ఖాళీ. మళ్ళీ గొంతు విప్పినప్పుడు కిటికీ వెనక నేనొక్కదాన్నే మిగిలాను. నాకు ఏడుపొచ్చింది, కథకు కాదు.

"తెల్లోడి కాలంలో నేను గమ్మునుంటే అందరూ నాతో గమ్మునుండిరి. ఇప్పుడు లేచి పోతా ఉండారు" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, నీరసం ఉంది.

"ఆ పుటల్లో ఏముంది అయ్యోరూ?" అని అడిగాను. అన్నేళ్ళలో నేను ఆయనతో పైకి మాట్లాడింది అదే మొదలు.

"చదవనని మాటిచ్చినాను, చెప్పను. నన్ను చదవద్దన్నాడు మీ పెదనాయన. నిన్ను అనలేదు."

మర్నాడు ఆయనే పోయి, బిడ్డకు తెలుగక్షరాలు నేర్పిస్తానని పెదనాయనతో చెప్పారు. ఏం చదవాలనేది ఆమె ఇష్టమని కూడా చెప్పారు. పెదనాయన సంతోషపడ్డాడు. మా ఇంట్లో తెలుగక్షరం అంటే దేవుడి గూట్లో పసుపుగుడ్డ చుట్టి ఉన్న పురాణం ఒక్కటే. దానికి కుంకుమ పెట్టడమే కానీ విప్పి చదివినవాళ్ళు లేరు. మొగుడు పోయిన ఆడది ఇంకేం చదువుతుంది, పుణ్యమే కదా అనుకున్నాడు. చేటలో రాగిపిండి పరిచి కిటికీలోంచి ఆయన చెప్పిన అక్షరం వేలితో దిద్దేదాన్ని. తప్పు రాస్తే "ఇది అక్షరమా, తేలా?" అని ఎకసక్కెం చేసేవారు. ఆ నవ్వు ఆయాసంలో కలిసిపోయేది.

నాకు కూడబలుక్కుని చదవడం వచ్చేసరికి ఆయనకు కూర్చునే ఓపిక పోయింది. ఒక సాయంత్రం పుస్తకం కిటికీ కమ్మీల మధ్య నుంచి ఇచ్చి, పడుకోవడానికి లోపలికి వెళ్ళారు. ఆ వానాకాలంలోనే పోయారు. సాగనంపడానికి ఊరంతా వచ్చింది. తిన్నె మీంచి లేచిపోయినవాళ్ళూ వచ్చారు.

ఆ పుటలు నేను పట్టపగలు, వంటింటి గడపలో కూర్చుని చదివాను. ఆ ఆడది ఒంటరిగా బండెక్కి ఏటి ఒడ్డున తిరునాళ్ళకు పోతుంది. గాజులమ్మేవాడి మలారం ముందు కూర్చుని చేతులు చాపుతుంది. పచ్చగాజులు వేయించుకుని, కాసేపు నీళ్ళను చూసి, ఇంటికి వస్తుంది. అంతే. ఎవరూ చావలేదు, ఏ ఇల్లూ కూలలేదు. ఇంతదానికా అందరూ లేచిపోయింది అని నవ్వబోయి, నా బోసి చేతులు చూసుకుని ఏడ్చాను. ఇంతదానికే, ఇంత చిన్నదానికే, ఒక ముసలాయన తన తిన్నెను ఖాళీ చేసుకున్నారు. నేను గాజులు వేసుకోలేదు, ఆ ధైర్యం నాకు రాలేదు. కానీ వేసుకోవచ్చని రాసినవాళ్ళు ఒకరున్నారని తెలిసి బతికాను. అది వేరే బతుకు.

వర్షాల వార్త చదువుతున్న మనవరాలిని ఆపాను. "నీకు చదవబుద్ధి కాకపోతే వద్దులే. ఆ బావి సంగతి చదివేదానికి ఎంతసేపవుతుందో అంతసేపు మాత్రం గమ్మున కూర్చో. వర్షం సంగతి తర్వాత చెప్పుదువు" అన్నాను. ఇదేం చాదస్తమే అవ్వా అని గొణిగి కూర్చుంది. వీధిలో పాలవాడి సైకిలు గంట మోగింది, ఆగింది. పిల్ల కళ్ళు కాగితం మీద కదులుతున్నాయో లేదో నాకు కనిపించదు. కాసేపటికి దాని ఊపిరి మారింది. పుట వెనక్కి తిప్పిన చప్పుడు వినిపించింది. "పాలక్కోడు దగ్గర పల్లెలో..." అని మొదటి నుంచి ఎత్తుకుంది. చివరిదాకా విన్నాను.