గువాహటి నుంచి సింహాద్రిపురానికి, ప్రొద్దుటూరు మీదుగా

గువాహటి, కడప విమానాశ్రయాల మధ్య దూరం ఎంతని నెట్‌లో వెతికితే సుమారు పద్దెనిమిది వందల యాభై కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం అని వచ్చింది. అది పక్షులకు పనికొచ్చే లెక్క. ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానమే లేదు. సింహాద్రిపురం దగ్గరి పల్లెలో మా అక్క పోయిందని సాయంత్రం బావ ఫోన్ చేసినప్పుడు నేను గువాహటిలో ఆఫీసులో ఉన్నాను. మరునాడు పొద్దుగూకేలోపు మట్టి చేస్తామన్నాడు. ఆలోపు ఒక్కసారి అక్క ముఖం చూడాలి. నాకు కావలసింది అంతే.

పొద్దున్నే మొదటి విమానమెక్కి తొమ్మిదిన్నరకు హైదరాబాదులో దిగాను. కడపకు పోయే చిన్న విమానం అప్పటికే వెళ్లిపోయింది. ఎనిమిది వేలకు కారు మాట్లాడుకున్నాను. డ్రైవరుది జమ్మలమడుగే. కర్నూలు, బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా రోడ్డు బాగానే ఉంది, మూడున్నరకల్లా జమ్మలమడుగు చేరాం.

"ఈడ్నుంచి ముద్దనూరు మీద పోతే గంటలో ఊర్లో ఉంటావప్పా," అన్నాడు.

"ప్రొద్దుటూరుకు పోనీ."

"అట్ల పోతే శానా చుట్టు. ఏం పనుంది ఆడ?"

"చీర తీసుకోవాల."

అతను ఇంకేమీ అడగకుండా బండి తిప్పాడు. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పి సాగనంపాలి. అమ్మానాన్నలు లేరు కాబట్టి అక్కకు పుట్టిల్లంటే నేనే. ఆ చీర సంగతి అత్తింటివాళ్లు నోరు తెరిచి అడగరు, అడిగితే మర్యాద కాదు. తెచ్చేవాడూ తెస్తున్నానని చెప్పడు. చేతులూపుకుంటూ పోయి ఆమె ముందు ఎలా నిలబడేది? అక్క పెళ్లి చీర కొన్నదీ ప్రొద్దుటూరులోనే కాబట్టి, ఇదీ అక్కడే కొనాలనిపించింది. బజారంతా కిక్కిరిసి ఉంది. షాపులో ఉండగా బావ ఫోన్ చేశాడు.

"యాడుండావప్పా? పెద్దోళ్లు తొందర పెడతాండారు."

"వస్తాండా బావా," అన్నాను. ఎక్కడున్నానో చెప్పలేదు.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక నత్తనడక నడిచాం. పల్లె చేరేసరికి పొద్దు వాలిపోయింది. జనం మట్టి చేసి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. బావ నా చేతిలోని కవరు వైపు చూశాడు.

"దీనికోసరం పోయినావా ప్రొద్దుటూరికి?"

తలూపాను.

"నీ చీర ఉండాది కదప్పా. రెండేండ్ల కిందట తెచ్చిచ్చినావే, ఆకుపచ్చది. ఒక్కసారన్నా కట్టలే. వాడు శానా దూరముండాడు, టయానికి అందలేకపోతే ఇదే కప్పండని పెట్టె అడుగున పెట్టుకున్యాది. అదే కప్పినాం."

నేను రాలేకపోవచ్చని అక్క రెండేళ్ల ముందే అనుకుంది. అనుకున్నట్టే చేశాను. కొత్త చీర ఇప్పటికీ కవరు విప్పకుండా నా బీరువాలో ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వలేను, చూడనూ లేను. ఇలా ఉన్నపళంగా రావలసినవాళ్లకు ఒక్క సలహా. కడప విమానం అందదనిపిస్తే బెంగళూరులో దిగండి. కదిరి మీదుగా సింహాద్రిపురం పక్కనున్న పులివెందులకు నాలుగు గంటలు చాలు. బయలుదేరేముందు మాత్రం, చీర ఉందా అని ఫోన్లోనే అడిగేయండి. మర్యాద తప్పితే తప్పింది, ముఖమైనా చూడగలుగుతారు.