కారం లేని చేతులు

మా బాబాయి పోయిన నెలలో ఒక పొద్దున నాయనమ్మకు జావ కాస్తూ పొయ్యి దగ్గరే కూలబడి ప్రాణం విడిచాడు. గుండెపోటు. సత్తెనపల్లి పక్కన మా ఊళ్లో ఆయన్ని వెక్కిరించని అరుగు లేదు. పోయాక మాత్రం అందరికీ మహానుభావుడైపోయాడు. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాయనమ్మకు పక్షవాతం వచ్చి పదకొండేళ్లు. నోట మాట పోయింది, ఎడమ చేయి ఒక్కటే ఆడుతుంది. బడిలో టీచరుగా ఉన్న పిన్ని ఉద్యోగం మానేయాలని మా నాన్నతో సహా పెద్దలంతా తేల్చేశారు. బాబాయి ఒప్పుకోలేదు. "ఆవిడెందుకు మానాలి? మా అమ్మని నేను చూసుకుంటా," అన్నాడు.

మొదటి ఏడాదే తప్పు జరిగింది. కల్లంలో ఎండు మిరపకాయల్లోంచి తాలు, అంటే తెల్లబారిన కాయలు, ఏరి వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే నాయనమ్మకు మొహం కడిగాడు. ఆ ఘాటు సబ్బుకు పోతుందా? కళ్లు మండి నాయనమ్మ పెట్టిన కేకకు వీధంతా పోగైంది. "ఆడోళ్ల పని మగోడికెట్టా వస్తుంది!" అన్నారు. తాలు ఏరే ఆడవాళ్ల చేతులకూ అదే కారం అంటుతుందని ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఏటితో బాబాయి మిరప మానేసి చేనంతా పత్తి వేశాడు. బంగారంలాంటి మిరప నేల పాడు చేశాడని మా నాన్న ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు.

నాయనమ్మకు మాత్రం భయం పోలేదు. ఆయన దువ్వెన పట్టుకొస్తే ముందు అరచేతులు వాసన చూసేది. ఆయన బుద్ధిగా రెండు చేతులూ చాపేవాడు. తర్వాతే జడ. "ఏరా, జడలేసే ఉద్యోగం ఎట్టా ఉంది?" అని ఎవరైనా అంటే, "నీ నెత్తిన నాలుగు వెంట్రుకలుంటే నీకూ వేసేవాణ్ణిరా," అనేవాడు. నాతో ఒకసారి అన్నాడు: "చేతులకి ఆడా మగా ఏంట్రా? కారం ఉందా లేదా, అంతే చూసుకోవాలి."

పెద్దకర్మ రోజు అందరూ పిన్ని వైపే చూశారు. నాయనమ్మ కన్నకూతురు, మా పెద్దత్తే అంది: "ఇంక ఆ ఉద్యోగం మానెయ్యమ్మాయ్. అమ్మనెవరు చూస్తారు?"



"నేను చూస్తానత్తా," అన్నాను.

"నువ్వా? మిరప చేను పెట్టుకునా?"

"ఇక నుంచి వెయ్యను."

మా నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. వెళ్లనివ్వండి.

మర్నాడు దువ్వెన తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను. నాయనమ్మ నా కుడిచేయి లాక్కుని వాసన చూసింది. రెండోది చాపమన్నట్టు వేలు ఆడించింది. దాన్నీ చూసింది. అప్పుడు మెల్లగా మొహం గోడవైపు తిప్పుకుని, జుట్టు నాకు వదిలింది.