బాచుపల్లి నుంచి కొండాపూర్‌కు, వెనక చక్రంతో

శనివారం ఉదయం ఎనిమిది ఇరవైకి బాచుపల్లి చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను. నాతో పాటు నా మోటారు సైకిల్ వెనక చక్రం ఉంది. పాత దుప్పటిలో చుట్టి ప్లాస్టిక్ తాడుతో కట్టాను. పదిహేను కిలోల దాకా ఉంటుంది. ఈ దారిన చక్రంతో ప్రయాణం చేయదలచినవారికి మొదటి సలహా, ముదురు రంగు ప్యాంటు వేసుకోండి.

ఆటో డ్రైవర్ మూటను చూసి, "దానికి గూడ ఒక సీటు పైసలియ్యాలె సార్" అన్నాడు. ఒప్పుకున్నాను. పైసలిస్తున్నాం కదా అని చక్రాన్ని సీటులోనే కూర్చోబెట్టాను.

దానికి అటుపక్కన ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. నిజాంపేటలో ఒక హాస్టల్లో వంట చేస్తుందట, రోజూ ఇదే వేళకు పోతుందట. దుప్పటి అంచు ఎత్తి లోపలికి చూసింది.

"చక్రం వట్టుకొని పోతున్నవ్, బండేది బిడ్డా?"

"ఇంటి దగ్గరుందమ్మా."

"చక్రం లేకుంట అదేం జేస్తది ఇంటికాడ?"

ఆవిడకు చెప్పలేకపోయిన సంగతి మీకు చెప్పాలంటే నాలుగేళ్లు వెనక్కి పోవాలి.

నాలుగేళ్ల కిందట నేను తొమ్మిది వందల సీసీ స్పోర్ట్స్ బైకు కొన్నాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. మా ఆవిడ శైలజ ప్రభుత్వోద్యోగి. షరతులు పూర్తిగా చదవనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టదు. కొన్న రోజు గుడి ముందు పూజారిగారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను బండి కదిలించబోతుండగా శైలజ తాళంచెవి మీద చెయ్యి వేసి, "ఈ టైర్లు అరిగేదాకేనండి. అరిగాక అమ్మేయాలి. సరేనా?" అంది. వెనక ఇంకో మూడు కొత్త కార్లు పూజకు వరసలో ఉన్నాయి. సరే అనేశాను. పైగా టైరంటే చాలా కాలం వస్తుందని నా నమ్మకం. మా నాన్నగారి స్కూటరు టైరు నా పదో తరగతి నుంచి నాకు ఉద్యోగం వచ్చేదాకా వచ్చింది.

ఇంత బలమైన బండికి మెత్తటి రబ్బరు టైర్లు వేస్తారని, అవి స్కూటరు టైర్లలా రావని నెల తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి నేను బండి నడిపే తీరు మారింది. రోడ్డు ఖాళీగా ఉన్నా నలభై దాటలేదు. మలుపు వస్తే బండిని నిటారుగానే ఉంచి, ఊరేగింపులో దేవుణ్ణి తిప్పినట్టు తిప్పాను. ఆఫీసుకు తప్ప ఎక్కడికీ పోలేదు. ఆదివారాలు సెల్లార్లో తుడిచేవాణ్ణి. టైరు గాడిలో రూపాయి బిళ్ల పెట్టి లోతు చూసుకునేవాణ్ణి.

అయినా అరిగింది. మొన్న మంగళవారం వానలో కొండాపూర్ మలుపు దగ్గర వెనక చక్రం పక్కకు జారింది. కాలు ఆనించి నిలబడ్డాను కాబట్టి సరిపోయింది. నిజం చెప్పాలంటే చాలా భయపడ్డాను. ఇంట్లో మాత్రం గాలి తగ్గుతోంది, చూపించుకొస్తానని చెప్పాను. నిన్న సాయంత్రం దగ్గర్లోని మెకానిక్‌ను పిలిచి చక్రం విప్పించాను. గుట్టుగా టైరు మార్పించి బిగించేస్తే ఏదీ అరగనట్టే, బండీ దక్కుతుంది. నా పథకం అంతే.

ఎనిమిది యాభైకి పెద్దమ్మ నిజాంపేటలో దిగింది. "పైలం బిడ్డా" అంది. జాగ్రత్త చెప్పింది నాకో చక్రానికో తెలియలేదు.

తొమ్మిదీ పదికి ఆటో మారే చోట ఇడ్లీ తిన్నాను, టీ తాగాను. చక్రం కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. రెండో ఆటోలోనూ దానికి సీటు తీసుకున్నాను. పది దాటాక హైటెక్ సిటీలో దిగాను. అక్కడ అద్దాల షోరూమ్ ఒకటుంది. లోపల చలికి దుప్పటి చక్రం మీద కన్నా నా మీద ఉంటే బాగుండుననిపించింది.

సేల్స్‌మన్ కంప్యూటర్ ముందు కూర్చుని అడిగాడు. "వాడకం ఎట్లాంటిది సార్? ట్రాకా, టూరింగా?"

"ఆఫీసుకండి."

చాలాసేపు వెతికాడు. "ఆఫీస్ అని ఆప్షన్ లేదు సార్."

చివరికి రేసుల ట్రాక్ కిందే లెక్కగట్టి ఒక టైరు చూపించాడు. గంటకు రెండు వందల డెబ్భై కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందట. ఆ పొద్దున బాచుపల్లి నుంచి ఆ షోరూమ్‌కు రావడానికి నాకు గంటా యాభై నిమిషాలు పట్టింది. తగ్గింపు ధరలో ఇంకోటి చూపించాడు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కొనేవారు తప్పక చూడండి. ఆ తగ్గింపు టైరు వయసులో నా బండి కన్నా పెద్దది. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

పదకొండుంపావుకు కొండాపూర్ లోపలి సందులో మల్లేశ్ గారి దుకాణం చేరాను. పెద్ద బండ్లవాళ్లందరూ ఆయన దగ్గరికే పోతారని ఆఫీసులో విన్నాను. యాభై దాటిన మనిషి, పాత టైరు మీద కూర్చుని ఉన్నారు. దుప్పటి విప్పి చక్రాన్ని ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏ రోడ్ల మీద నడుపుతవ్ సార్?"

"అన్ని రోడ్ల మీదా" అన్నాను.

ఆయన చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, మధ్యలో వేలు పెట్టారు. "నడుమ సాఫ్ అయింది. పక్కలు జూడు, కొత్త టైరుకుండె రబ్బరు వెంట్రుకలు గూడ రాలలే. మలుపుల్ల బండి ఒంగితె గద పక్కలరిగేది? నువ్వు దీన్ని ఒక్కసారి గూడ ఒంచలే. నడపలే సార్ నువ్వు, దాసుకున్నవ్."

నాకు సిగ్గేసింది. సిగ్గు తర్వాత దిగులేసింది. ప్లాస్టిక్ కవరు తియ్యకుండానే సోఫా పాతబడిపోయిన ఇళ్లను చూసి నవ్వేవాణ్ణి. నాలుగేళ్లలో ఈ బండి మీద సంతోషంగా గడిచిన రోజు ఒక్కటైనా ఉందా అని వెతికాను. తుడిచిన రోజులే గుర్తొచ్చాయి.

మల్లేశ్ గారు రెండు టైర్లు దించారు. ఒకటి గట్టిది, పన్నెండు వేల కిలోమీటర్లు వస్తుంది. ఒకటి మెత్తది, రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది కానీ ఆరు వేలు వస్తే గొప్ప. అంత దిగులులోనూ నా చెయ్యి గట్టిదాని మీదికే పోయింది. అప్పుడే ఫోన్ మోగింది. శైలజ.

"సెల్లార్లో బండికి వెనక చక్రం లేదేంటండి?"

"గాలి తగ్గిందన్నాను కదా..."

"గాలి తగ్గితే కొట్టించుకుంటారు. చక్రం ఊడదీసి ఆటోలో తిప్పరు. వాచ్‌మన్ అంతా చెప్పాడు. టైరు అరిగిందా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "అరిగింది. మంగళవారం వానలో కొంచెం జారింది కూడా."

"దుకాణం ఆయనకివ్వండి" అంది. స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"వానలో ఏది జారదండి?"

"మెత్తది మంచిగ వట్టుకుంటదమ్మా. జర జల్ది అరుగుతది. అయినా సారుకు ఏదైనా ఒకటే. నాలుగేండ్లల్ల ఒక్క మలుపు గూడ సక్కగ తిరగలే. పక్కలు గిట్లనే కొత్తగున్నయి."

"తిరగలేదా?" శైలజ గొంతు మారింది. "ఏమండీ, నా షరతుకు భయపడా?"

"బండి పోతుందని" అన్నాను.

"నాలుగేళ్లూ మీరు తుడవడమే చూశాను. నేను చూడనప్పుడు నడుపుతున్నారనుకున్నాను. మెత్తదే వెయ్యమనండి. షరతు షరతే, ఇది అరిగాక అమ్మేద్దాం. కానీ మధ్యలో ఒక్కటే అరిగితే లెక్కలోకి రాదు. ఈసారి పక్కలు కూడా అరగాలి."

ఫోన్ పెట్టేసింది. మల్లేశ్ గారు నన్ను అడగకుండానే గట్టి టైరును పైకెక్కించేశారు.

పన్నెండున్నరకు మెత్తటి టైరు ఎక్కించి, బ్యాలెన్స్ చూసి చక్రం నా చేతిలో పెట్టారు. "కొత్త టైరు జారుతది. మొదటి వంద కిలోమీటర్లు ఒంచొద్దు సార్." ఆ పనిలో నాకు నాలుగేళ్ల అనుభవం ఉందన్నాను. ఆయన నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో చక్రానికి మళ్లీ సీటు తీసుకున్నాను. ఈసారి దుప్పటి చుట్టలేదు. టైరు పక్కల నిండా సన్నటి రబ్బరు వెంట్రుకలున్నాయి. దారి పొడుగునా వాటిని వేలితో నిమురుతూ కూర్చున్నాను. నాలుగేళ్లలో మొదటిసారి తేలిగ్గా ఉంది. రెండుంపావుకు ఇల్లు చేరేసరికి శైలజ సెల్లార్లో, బండి పక్కన, ఒక నిమ్మకాయతో నిలబడి ఉంది.

"ఒకటేనా?" అన్నాను.

"ఒక టైరే కదా మార్చింది."

మెకానిక్ చక్రం బిగించాక నిమ్మకాయ తొక్కించాను. పై వారం ఆదివారం అనంతగిరి గుట్టలకు తనూ వస్తానంది. వెనక కూర్చుని పక్కలు అరుగుతున్నాయో లేదో చూస్తుందట. మర్నాడు, ఆదివారం పొద్దున్నే, రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద మల్లేశ్ గారు చెప్పిన వంద కిలోమీటర్లూ నిటారుగా నడిపి వచ్చాను.

సోమవారం ఉదయం ఎనిమిది ఇరవైకి బాచుపల్లి చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను. పెద్దమ్మ అదే సీటులో ఉంది. నా చేతులకేసి, కాళ్లకేసి చూసింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల చక్రం గూడ లేకపాయె?"

"ఇంటి దగ్గరుందమ్మా. దాన్ని ఆఫీసుకు అరగదీయడం ఇష్టం లేదు."

"మరి దేనికి అరగదీస్తవ్?"

"ఆదివారం గుట్టల మీద మలుపులున్నాయి" అన్నాను.

ఆమె తలూపి పక్కకు జరిగింది. డ్రైవర్‌కు ఒక్క సీటు పైసలే ఇచ్చాను.