ఇసుకదిబ్బ మీద ఆగిపోయిన మా సన్యాసమ్మ వదిన

మా వదిన సన్యాసమ్మ దొరికిందన్న వార్త మాకు తెమెంగోర్ సరస్సు జెట్టీ మీదే అందింది. ఉదయపు మంచు ఇంకా కొండలను వదల్లేదు. గాలింపు పడవలో వచ్చిన ఉద్యోగి మెట్ల మీద కాలు పెడుతూనే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను నోరు విప్పకముందే వదిన స్నేహితురాళ్లిద్దరిలో నా పక్కనున్న లెచ్చిమి కూలబడిపోయింది. మే లింగ్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను మాత్రం అతని టోపీ అంచున వేలాడుతున్న నీటి చుక్కలనే చూస్తూ నిలబడ్డాను. ఏటేటా ఏ నీటిని చూపించడానికి ఆమె మమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చేదో ఆ నీరే ఆమెను తీసుకుపోయిందన్న సంగతి బుద్ధికెక్కడానికి చాలాసేపు పట్టింది. ఇది రాస్తున్న ఈ క్షణానికి కూడా పూర్తిగా ఎక్కలేదు.

మలయ్ దేశంలోని మా ఊరు సుంగై పెటానిలో ఆమెను ఎరగని తెలుగు ఇల్లు లేదు. నా భర్తకు స్వయానా అక్క. హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవలు బాగుచేసే ఇంట పుట్టి, నర్సు చదువు చదివి, ఆసుపత్రి ఉద్యోగంలోనే జుట్టు నెరిసిన మనిషి. బటాంగ్ బెర్జుంటై తోటల నుంచి కొత్త కోడలిగా వచ్చిన నన్ను చూసి ఆమె అడిగిన మొదటి మాట, "నీకు ఈత వొచ్చా?" రాదన్నాను. "అయితే నేర్సుకో. వొంటకేటి, అది ఎలాగూ నేర్సుకుంటావు," అంది. ఆ వారమే నన్ను ఈతకొలనుకు తీసుకుపోయింది. సిగ్గుతో ముడుచుకుపోయిన నన్ను నీళ్లలోకి దించి, నా వీపు కింద తన అరచేయి పెట్టి తేల్చిన స్పర్శ నాకింకా గుర్తుంది.

అబద్ధపు ఊరడింపులు ఆమె నోట వచ్చేవి కావు. ఒకసారి ఆమె వార్డులో మన తెలుగు పెద్దాయన ఒకరు అవసానదశలో ఉన్నారు. కొడుకులు ఆయనకు ఏమీ చెప్పలేదు. రేపో మాపో ఇంటికి పోదామంటూ దాటవేస్తున్నారు. ఒకనాడు ఆయనే వదిన చేయి పట్టుకుని, "అమ్మా, నాను ఇంటికెల్తానా?" అని అడిగారట. వదిన ఆ మంచం అంచున కూర్చుని, "ఎల్లవు మావా. ఎవుల్ని సూడాలనుందో సెప్పు, పిలిపిస్తాను," అంది. కొడుకులు ఆమె మీద మండిపడ్డారు. పైవాళ్లకు ఫిర్యాదు చేస్తామన్నారు. పెద్దాయన మాత్రం ఏళ్లుగా మాటల్లేని తన తమ్ముణ్ణి చూడాలన్నారు. ఆ తమ్ముడు వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడుస్తుంటే వదిన తలుపు దగ్గర కాపలా నిలబడిందని, ఆమెతో పనిచేసిన మే లింగ్ నాకు చెప్పింది. "దగ్గరికొచ్చినదాన్ని, సావునైనా, పేరెట్టి పిలవాల పైడీ. లేపోతే అది ఇంకా పెద్దదైపోద్ది," అని వదిన నాతో అనేది. పైడి అంటే నేను, పైడితల్లిని.

భర్త పోయాక ఆమె కొన్నాళ్లు ఇల్లు కదల్లేదు. అప్పటికి ఉద్యోగ విరమణ కూడా అయిపోయింది. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి వాకిట్లో తండ్రి నాటి చేపల గాలాలన్నీ పరిచి, తుప్పు గీకుతూ కనిపించింది. "తూరుపున పెద్ద సరస్సుందంట, అడివి మధ్యలో. పోదాం లా. నువ్వూ నేనూ, లెచ్చిమీ, మే లింగూ," అంది, ఇక్కడి అందరి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలిస్తూ. లెచ్చిమి ఆమె పొరుగింటి మనిషి, చిన్ననాటి స్నేహితురాలు. నా భర్త నవ్వి, "ఆడోల్లు సేపలకెల్లడమేటి అక్కా?" అన్నాడు. "నీటిలో ఉన్న సేపకి పైనున్నది ఆడో మగో ఎలా తెలుస్తాది రా?" అని ఆమె తల ఎత్తకుండానే అడిగింది. అలా మొదలైంది మా యాత్ర. ఆ ఏటి నుంచి ప్రతి ఏడూ, పాఠశాలలకు సెలవులివ్వగానే, మే లింగ్ కారులో కొండదారిన తూర్పుకు పోయేవాళ్లం. పాక్ దిన్ అనే వృద్ధ పడవవాడు తన ఇంటిపడవలో మమ్మల్ని సరస్సు లోపలికి తీసుకుపోయేవాడు. దాని వెనక తాడుకు కట్టిన చిన్న మోటారు పడవ ఒకటి ఉండేది.

ఆ సరస్సు సహజమైనది కాదు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి అది. నీటి మధ్య ఆకులేని మహావృక్షాల మోళ్లు, నిలబడే చచ్చిపోయిన మనుషుల్లా, కనుచూపు మేర బారులు తీరి ఉంటాయి. మొదటి ఏడు నేను వాటి వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఈ నీటి అడుగున ఎవరెవరి ఊళ్లున్నాయో, ఎవరి సమాధులున్నాయో పాక్ దిన్ చెప్పుకుపోతుంటే, ఆయన మలయ్ మాటలు వింటూ వదిన తల ఊపింది. గాలం విసిరే ముందు నీటిలో చేయి ముంచి, "తల్లీ, సెలవియ్యి," అంది. ఆ తరవాత ఏ ఏడూ ఆ మాట అనకుండా గాలం వేయలేదు.

తోమాన్ అనే పెద్ద చేప ఉంటుంది అక్కడ, మన కొర్రమీనుకు చుట్టం. ఎర్రటి పిల్లలు నీటి మీద బంతిలా గుమిగూడి కదులుతుంటే, తల్లీతండ్రీ కిందే కాపలా తిరుగుతాయి. ఆ పిల్లల గుంపు మధ్యకు గాలం విసిరితే తల్లి కోపంతో వచ్చి కొరుకుతుంది. వేటగాళ్లకు అదే సులువైన మార్గం. ఒక ఏడు లెచ్చిమి అలాగే విసిరి, చెయ్యంత పొడవు చేపను పడవ దాకా లాక్కొచ్చింది. వదిన కత్తి తీసి దారం తెగ్గోసింది. లెచ్చిమి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏటి వొదినా, నా జన్మలో ఇంత సేప పడలేదు!" "పిల్లలకాడున్నదాన్ని పట్టకు లెచ్చిమీ. ఇంకోటి పడతాది," అని ఆమె కత్తి తుడుచుకుంది. ఆ పూట లెచ్చిమి మళ్లీ గాలం ముట్టలేదు. మర్నాడు పొద్దున లెచ్చిమి కాఫీ కలిపి మొదటి కప్పు ఆమెకే ఇచ్చింది.

ఈ ఏడు మొదటి నుంచీ ఏదో తేడాగానే ఉంది. వానలు చాలాకాలంగా లేవు. సరస్సు ఎన్నడూ లేనంతగా దిగిపోయింది. ఒడ్డు చుట్టూ పాలిపోయిన మట్టి, పుండు ఆరిన చర్మంలా కనిపించింది. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే మోళ్లు నడుము దాకా బయటపడ్డాయి. కుళ్లిన వేళ్ల వాసన పడవతోపాటే వచ్చింది. ప్రతి ఏడూ సాయంత్రాలు బారులుగా దాటిపోయే పెద్దముక్కు పక్షులు ఈసారి ఒక్కటీ కనబడలేదు. పాక్ దిన్ మాట తగ్గించాడు. కారణం అడిగితే, "ఎండ ఎక్కువగా ఉన్న ఏడు నీళ్లకు కోపం ఎక్కువ," అన్నాడు తన భాషలో. వదిన నీటిలో చేయి ముంచింది, ఎప్పటి మాటే అంది. గాలం మాత్రం వేయలేదు. కొండలకేసి చూస్తూ కూర్చుంది.

"ఏటి వొదినా, వొంట్లో బాలేదా?" అని అడిగాను.

"బానే ఉంది. ఎవులో మన ఎనకాల నిల్సున్నట్టుంది పైడీ, అంతే," అంది. వెంటనే నవ్వేసి, "ముసల్దాన్నైపోనాను లే," అంది.

మర్నాడు ఒక కొండవాగు సరస్సులో కలిసే చోట మా ఇంటిపడవను కట్టేశాం. నీళ్లు తగ్గడంతో ఆ వాగు నోట కొత్తగా విశాలమైన ఇసుకదిబ్బ ఒకటి బయటపడింది. దాని మీద ఒక మలయ్ కుటుంబం టార్పాలిన్ కట్టుకుని వంట చేసుకుంటోంది. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు, మోకాళ్లు వంగని ఒక ముసలమ్మ. వాళ్లను దింపిన పడవ సాయంత్రం తిరిగి వస్తుందట. మే లింగ్ చిన్న పడవలో వెళ్లి పిల్లలకు అరటిపండ్ల బజ్జీలు ఇచ్చి వచ్చింది. ముసలమ్మ చేయి ఊపింది. ఎండ పెళపెళలాడుతోంది. చేపలు విరివిగా పడుతున్నాయి. లెచ్చిమి ఉత్సాహానికి అంతు లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన గిన్నె కడగడానికి వంగి, అలాగే ఉండిపోయింది. పొద్దున అడుగు కనిపించిన నీళ్లు ఇప్పుడు టీ రంగులో ఉన్నాయి. పచ్చి ఆకులు, పుల్లలు తేలి వస్తున్నాయి. కొండల వెనక ఆకాశం ఒక్క ముక్క మాత్రం నల్లగా ఉంది. ఉరుము కూడా వినబడలేదు.

"పాక్ దిన్!" అని గట్టిగా పిలిచింది. ఆయన వచ్చి నీటిని చూసి, ఒకే మాట అన్నాడు, "కెపాలా ఆయెర్." నీటి తల అని దాని అర్థం. పైన ఎక్కడో కురిసిన వాన అంతా ఒక్క గోడగా వాగు వెంట దిగిరావడం.

ఇంటిపడవ తాడు విప్పి ఎదుటి ఒడ్డుకు చేర్చారు. అప్పటికే వదిన నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని చిన్న పడవలోకి దిగుతోంది. లెచ్చిమి ఆమె మోచేయి పట్టుకుంది.

"నువ్వెందుకు వొదినా? పాక్ దిన్ ఎల్తాడు గదా!"

"ఆడొక్కడూ ఇంజన్ సూస్తాడా, ముసలమ్మనెత్తుతాడా? రోగుల్నెత్తడం నాకలవాటే లా. వొదులు."

లెచ్చిమి వదిలింది. అక్కడి నుంచి జరిగినదాన్ని కొంత నా కళ్లతో చూశాను, కొంత పాక్ దిన్ చెప్పగా విన్నాను. వాళ్లు వెళ్లేసరికి ఆ తండ్రి టార్పాలిన్ విప్పి సామాను సర్దబోయాడట. వదిన అతని చేతిలోని మూట లాగి ఇసుకలో పడేసింది. ముసలమ్మను చంకల కింద పట్టి ఎత్తి పడవలో కూర్చోబెట్టింది. తన జాకెట్ విప్పి చిన్నపిల్లకు తొడిగి, ముడి బిగించింది. తల్లినీ పెద్దపిల్లవాణ్ణీ ఎక్కించింది. అంతటితో పడవ అంచు నీటికి తగులుతోంది. మిగిలింది వదిన, ఆ తండ్రి. ఒక్కరికే చోటు.

"మీరెక్కండమ్మా, నేనుంటాను," అన్నాడట అతను. వదిన మలయ్‌లో, "నీ పిల్లలకు నువ్వు కావాలి. నాకు ఈత వచ్చు, గట్టెక్కి ఉంటాను, తిరిగి రండి," అని అతని వీపు మీద చేయి వేసి ముందుకు తోసింది.

పడవ సగం దూరం వచ్చేసరికి ఆ చప్పుడు మొదలైంది. బరువు లారీలు వరసగా కొండ దిగుతున్నట్టు. పాక్ దిన్ వెనక్కి తిప్పబోయాడు. అప్పుడు చూశాను నేను. వదిన ఇసుకదిబ్బ చివరి రాతి మీదికెక్కి, అరచేయి మా వైపు చాచి నిలబడింది. రావద్దని. పోండి పోండి అన్నట్టు రెండుసార్లు విసిరింది. తరవాత వాగు మలుపులో దుంగలు లేచాయి. గోధుమరంగు నీరు దిబ్బను, టార్పాలిన్‌ను, రాతిని కప్పేసింది. మే లింగ్ కేక ఆ మోతలో నాకు వినబడలేదు. ఆమె నోరు తెరుచుకుని ఉండటం మాత్రం చూశాను.

ఆ నీరు శాంతించాక సరస్సంతా ఏమీ ఎరగనట్టు నిశ్చలంగా పరుచుకుంది. అంతకన్నా భయంకరమైన దృశ్యాన్ని నేను నా జీవితంలో చూడలేదు.

సుంగై పెటానిలో అంత్యక్రియలకు జనం వీధి పట్టలేదు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లు తమ పిల్లలను ఎత్తుకుని వచ్చారు. తెలుగు అర్థమై, మాట్లాడటానికి తడుముకునే ఆమె కూతురు, తల్లి పాదాల దగ్గర కూర్చుని, "అమ్మా, లెగమ్మా," అని ఆ రెండు మాటలే పదేపదే అంది. నా భర్త, అక్కను ఆటపట్టించిన తమ్ముడు, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ మలయ్ కుటుంబం కూడా వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయారు, లోపలికి రావచ్చో లేదో తెలియక. నేను వెళ్లి ముసలమ్మ చేయి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె మోకాళ్లు వంగక, కుర్చీ వేయించుకుని, వదిన పక్కన చాలాసేపు కూర్చుంది. చివరికి నా చెవి దగ్గరికి వంగి, "ఆమె పేరేమిటమ్మా? నన్నెత్తుకున్నప్పుడు అడగలేకపోయాను," అంది.

చెప్పాను. ఆమె ఆ పేరును పలకడానికి ప్రయత్నించింది. కుదరలేదు. మళ్లీ చెప్పాను. మూడోసారి నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడివిడిగా, సన్యాసమ్మ అని పలికి, చిన్నపిల్లను దగ్గరికి లాక్కుని, "నువ్వూ చెప్పు," అంది. ఆ పాప చెప్పింది.

వదినా, నీలాంటి మనిషి మా ఇంట ఇక పుట్టదు. నీ పాదాలకు నమస్కరించి ఈ నాలుగు మాటలు ఇక్కడ ఉంచుతున్నాను. నీ పేరు ఇప్పుడు మన భాష రాని ఒక ఇంట్లో కూడా పలుకుతున్నారు.