నాన్న కట్టిన పొయ్యి లారీ

మొన్నామధ్య మా మనవడు కొత్త కారు కొని, పూజ కాకుండా ఎవరినీ ఎక్కించనని పట్టుబట్టి, నన్ను ఆటోలో అరసవల్లి గుడికి రప్పించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బంతిపూల దండ వేశారు, అద్దానికి పసుపు, కుంకుమ బొట్లు పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. వాడు కొబ్బరికాయ పట్టుకుని కారు ముందు భాగం మీదికి చెయ్యెత్తేసరికి నాకేమైందో తెలియదు, వీధిలో వాళ్ళంతా తిరిగి చూసేలా "ఒరే, బండి మీద కొట్టకురా! నేల మీద కొట్టు, నేల మీద!" అని కేకపెట్టాను. రంగు పోతుందని ముసలమ్మ బెంగ పెట్టుకుందని అందరూ నవ్వారు. నవ్వనీ. కొబ్బరికాయ అనే వస్తువు ఎంత పని చెయ్యగలదో వాళ్ళకేం తెలుసు?

నా ఈడు వాళ్ళు బొగ్గు బస్సుల్లో ఎక్కి ఉండకపోయినా, పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సు వెనక ఇనప పీపా బిగించి, అందులో బొగ్గు మండించి, ఆ వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. పీపాకి ఒక చేతి పంకా ఉండేది, బయలుదేరే ముందు క్లీనరు దాన్ని గరగరా తిప్పి నిప్పు రాజేయాలి. పెళ్ళికి ముందు మా నాన్న విజయనగరం నుంచి శ్రీకాకుళం పోయే అలాంటి బస్సు మీద క్లీనరు. పెట్రోలు మళ్ళీ దొరకడం మొదలయ్యాక ఆ పీపాలన్నీ పాత ఇనప సామాన్లోకి పోయాయి, ఆ తర్వాత కొన్నేళ్ళకి నాన్న మా తాత ఇంటికి ఇల్లరికం వచ్చాడు.

మా ఊరు రామతీర్థం వెళ్ళే దారిలో ఉంటుంది. అమ్మ ఒక్కతే కూతురు, అమ్మమ్మ అప్పటికే పోయింది, తాతకి ఏడెకరాల వరి, ఒక జీడితోట, ఊళ్ళో పెద్ద నోరు. ఇల్లరికపు అల్లుడంటే జీతం లేని కంబారి, అంటే పాలేరు, అని ఆయన లెక్క. పొలంలో కంబారికి గంజి పోసేటప్పుడైనా ఒక మంచిమాట అనేవాడు గాని, నాన్న కంచం ముందు కూర్చుంటే మాత్రం ఆ రోజు పండని గింజలన్నీ గుర్తొచ్చేవి. నాన్న రెండోసారి అన్నం పెట్టించుకోవడం నేను చిన్నప్పుడు చూడలేదు. ఆకలి లేక కాదు, అడగలేక. అప్పట్లో నాకది తెలియక, నాన్న తక్కువ తినే మనిషి అనుకునేదాన్ని.

నేను బడిలో పై తరగతులకి వచ్చిన రోజుల్లో, అంటే అరవైల చివర్లో అన్నమాట, నాన్న ఒక బియ్యం మిల్లు దొడ్లో తుప్పుపట్టి పడి ఉన్న పాత మిలటరీ లారీని తెచ్చాడు. మిల్లు ఇంజను బాగుచేసినందుకు వాళ్ళు దాన్ని ఊరికే ఇచ్చేశారు. ఎడ్లతో లాగించి మా పెరట్లో పెట్టించాడు. పెట్రోలు పోసి నడిపే స్తోమతు లేదు కాబట్టి కట్టెలతో నడుపుతానన్నాడు. తాత చుట్ట తీసి, "మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె. మగోడు పొయ్యి ఊదుకోడానికి లారీ కావాలేటి?" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. నాన్నకి పొయ్యి డ్రైవరని పేరు పడింది, బడిలో నాకు పొయ్యి డ్రైవరు కూతురని పేరు పడింది. ఆ పేరు పెట్టి పిలిచిన ఒకడి చెయ్యి కొరికాను, దానికి మేష్టారు నన్నే కొట్టాడు.

అయినా దాన్ని కట్టడానికి పట్టిన ఆ రెండు వేసవులూ మా ఇంట్లో నాకు తెలిసిన ఒకే ఒక్క సంబరం ఆ లారీ. నాన్న రెండు ఇనప పీపాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి రివిట్లు కొట్టాడు. కింద దాంట్లో నిప్పు, పై దాంట్లో కట్టె ముక్కలు. పొగని చల్లార్చడానికి పాత మంచం గొట్టాలు కోసి వంచి అతికాడు. బూడిద వడగట్టడానికి మరో డబ్బాలో కొబ్బరి పీచు కూరి, దాని మీద గుడ్డ బిగించాలన్నాడు. మామూలు గుడ్డలోంచి నుసి పోతోందంటే, అమ్మ పెట్టెలోంచి తాతది చిరిగిన పొందూరు పంచె తీసి కొంగు చాటున తెచ్చి ఇచ్చింది. ఆ సన్న నేతలోంచి నుసి రవ్వంత కూడా పోలేదు. తాత కనిపెట్టి, "నా పంచెతో నీ బండికి గోచీ ఎడతావా!" అని గుమ్మంలో నిలబడి అరిచాడు గాని, అమ్మ తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను చూశాను. అమ్మ అలా నవ్వడం అరుదు, అందుకే గుర్తు.

మొదట్లో తాత జీడికర్ర తప్ప వేరే కర్ర ముట్టనివ్వలేదు, అదీ పచ్చిది. జీడికర్ర జిగురు మీకు తెలిసిందే. గొట్టాల నిండా నల్లటి జిడ్డు పేరుకుని, ఇంజను లోపల వాల్వులు అతుక్కుపోయేవి. నాన్న మళ్ళీ మొత్తం విప్పి, కిరసనాయిల్లో కడిగి, గీకి, బిగించి, మళ్ళీ నిప్పు వేసేవాడు. వేలి గోళ్ళ చుట్టూ నలుపు ఎప్పటికీ పోలేదు. చివరికి సముద్రం వైపు నుంచి ఎండిన సరుగుడు మొద్దులు తెచ్చుకుని, చిన్న ముక్కలు కొట్టి, ఎండలో వేసి మరీ వాడాడు. పంకా తిప్పే పని అమ్మది. ఒక సాయంత్రం అమ్మ తిప్పుతుంటే నాన్న గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టాడు, సన్నటి నీలం మంట నిలబడింది. ఆ మంట నిలబడితే గ్యాసు బాగున్నట్టు. వెంటనే ఇంజను తిప్పితే ఒకటి రెండుసార్లు దగ్గి అందుకుంది. నాన్న ఏడ్చేశాడు. నేను గంతులేశాను, పెరట్లో గేదె తాడు తెంపుకుంది.

విజయనగరంలో ఒక కట్టెల అడితి యజమాని ఆ సంగతి విని కబురు పెట్టాడు. శుక్రవారం సాయంత్రం లోపల లారీతో వస్తే అడితికి కర్ర తోలే పని ఇస్తాను, అడితి వెనక గది ఇస్తాను, విరిగిన కర్రముక్కలు బండికి ఎన్నైనా వాడుకో, రాకపోతే ఇంకో లారీ మాట్లాడుకుంటాను అన్నాడు. నాన్న ఆ మాట అమ్మతో వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. సొంత గది, సొంత పొయ్యి, అడక్కుండా పెట్టుకునే అన్నం. అంతకంటే ఏమీ కోరలేదు ఆ మనిషి.

తాత విన్నాడు. గొడవ చెయ్యలేదు, చేసుంటే బాగుండేది. మర్నాడు జన్మలో లేనిది లారీ దగ్గరికి వచ్చి, చుట్టూ తిరిగి, ఇదేటి, అదేటి అని మెత్తగా అడగడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో పదమూడేళ్ళుగా ఒక్క మంచి ప్రశ్న వినని నాన్నకి అది అమృతం పోసినట్టయింది. ఒక్కొక్క గొట్టం తట్టి చూపించాడు. రెండు పీపాలూ కలిసే చోట పుట్టమన్ను, ఊక, బెల్లంనీళ్ళు కలిపి మెత్తిన పట్టీ ఉంది. అది నీడన ఎన్నో రోజులు ఆరితేగాని గట్టిపడదు. దాని మీద చెయ్యి వేసి, "ఇదే మావా, దీని పీక. ఇక్కడ సన్న గీత పడినా గాలి దూరిపోతాది, గ్యాసు లోపలే కాలిపోతాది, బండికి బలం ఉండదు" అన్నాడు. తాత ఆ పట్టీని వేలితో నిమిరి, "బాగున్నాది అల్లుడూ" అన్నాడు. నాన్న ఆ పూట రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

గురువారం పొద్దున్నే సామాను ఎక్కించాం. ఒక చెక్క పెట్టె, చాపలు, బియ్యం మూట, అమ్మ ఇత్తడి బిందె. అమ్మ మా రెండేళ్ళ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని నాన్న పక్కన కూర్చుంది, నేను వెనక మూట మీద ఎక్కాను. ఊరంతా వచ్చింది. లారీ గుడగుడలాడుతోంది. తాత తెల్లటి పొందూరు పంచె కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, పెద్ద కొబ్బరికాయ పెట్టుకుని వచ్చాడు. కూతురు అల్లుడితో కాపురానికి పోతుంటే తండ్రి కొబ్బరికాయ కొట్టకుండా ఎలా పంపుతాడని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అందరూ బండి ముందు కొడతారు కదా, ఆయన అక్కడ కొట్టలేదు. నెమ్మదిగా పక్కకి నడిచి పీపాల దగ్గర ఆగి, "ఈ బండి పేనం ఇక్కడే కదా ఉన్నాది" అని నవ్వి, రెండు చేతులా పైకెత్తి ఆ పీక మీద కొట్టాడు. కాయ ఒక్క దెబ్బకి పగిలింది. పట్టీ కూడా.

పెద్దవాళ్ళు దీవించి కొబ్బరికాయ కొడుతుంటే ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపగలరా? నాన్న దిగి వచ్చి చూశాడు. కొబ్బరినీళ్ళు ఆ పగులులోకి పోయి చుయ్యిమని ఆవిరి లేస్తోంది. నాన్న తాత మొహంలోకి చూశాడు, తాత ఆ చూపుకి తడబడలేదు, "బేగి ఎల్లండి, వర్జ్యం వచ్చేస్తాది" అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. నాన్న పిడికెడు తడిమట్టి పగులుకి అద్ది, వెళ్ళి కూర్చున్నాడు. తడిమట్టి వేడి ఇనుము మీద నిలవదని ఆయనకి తెలియదా? తెలుసు. కానీ మర్నాడు శుక్రవారం.

ఊరు దాటాక రోడ్డెక్కే ముందు ఒక మిట్ట ఉంది. సగం ఎక్కేసరికి బండి ఆయాసపడింది, రెండుసార్లు తన్నుకుంది, ఆగిపోయింది. మాతోపాటు ఈలలు వేస్తూ వచ్చిన జనం "పొయ్యి ఆరిపోయిందిరోయ్" అని గోల. నాన్న రాళ్ళు పెట్టి చక్రాలు ఆపి, కాలవలోంచి మట్టి తెచ్చి పట్టీ మెత్తుతున్నాడు. మెత్తింది మెత్తినట్టే బీటలు తీస్తోంది. చల్లారనిచ్చి రేపటిదాకా ఆరబెడితే విజయనగరం చేరేదాకానైనా పట్టు నిలుస్తుంది, ఇక్కడే ఉందాం, నీడ ఉంది, బియ్యం ఉన్నాయి అని అమ్మతో అన్నాడు. అమ్మ తలూపింది. నిజంగా ఊపింది, నేను చూశాను.

అప్పుడు తాత వచ్చాడు, వెనక కంబారి ఎడ్లని తోలుకుంటూ. లావుపాటి మోకులు అప్పటికే నీళ్ళలో నానబెట్టి ఉన్నాయి. నానబెట్టిన మోకు తెగదు, నానడానికి మాత్రం ఒక పూట పడుతుంది. ఆ లెక్క అక్కడ నాన్న ఒక్కడే వేసి ఉంటాడు. తాత లారీ వైపు చూడలేదు, కూతురి వైపే చూసి, "అమ్మీ, పిల్లగుంటలు ఎండకి మాడిపోతన్నారు. దిగు. నాకు పొద్దుట్నించి కూడు లేదు, పొయ్యి ఎవులు ఎలిగిస్తారు?" అన్నాడు.

అమ్మ దిగింది. తమ్ముణ్ణి చంకనేసుకుని, బిందె తీసుకుని, నాన్న వైపు చూడకుండా ఇంటి దారి పట్టింది. నాన్న చేతిలో మట్టి ముద్ద అలాగే ఉంది. దాన్ని కాసేపు చూసుకుని నేలకి విసిరి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు. అమ్మంటే నాకు ఎంత ప్రేమో, ఆ దిగడం తలుచుకుంటే ఈనాటికీ అంత కోపం. ఎడ్లు లారీని వెనక్కి లాగాయి, నేను మూట మీదే కూర్చున్నాను, తాత ముందు నడుస్తూ ప్రతి ఇంటి దగ్గరా ఆగి, "మా అల్లుడు ఎంత బండి కట్టాడో సూడండి" అని చెప్పుకున్నాడు. ఎగతాళిలా లేదు, మురిపెంలాగే ఉంది. అదే నరకం.

మర్నాడు పొద్దున్నే నేను బుట్టెడు పుట్టమన్ను తవ్వుకొచ్చి నాన్న ముందు పెట్టాను. నాన్న నా తల నిమిరి, "మీ అమ్మకి పొయ్యి ఎయ్యమ్మా" అన్నాడు. ఆ మట్టితోనే పొయ్యి వేశాం. అమ్మ దాని మీదే ఇరవై ఏళ్ళు వండింది. తాత పై పీపా విప్పించి, నిలువునా కోయించి కుడితి తొట్టి చేయించాడు. రోజూ ఉదయం నాన్నే అందులో కుడితి పోసేవాడు, లారీని లాగిన ఆ ఎడ్లే వచ్చి తాగేవి. ఎడ్లని మాత్రం నాన్న ఎన్నడూ కసురుకోలేదు.

తాత ఆ తర్వాత చాలా ఏళ్ళకి పోయాడు. కర్మలన్నీ నాన్నే చేశాడు. ఏ కట్టె ఎలా మండుతుందో నాన్నకి తెలిసినట్టు ఊళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి చితి కూడా ఆయనే పేర్పించాడు, జిడ్డు లేని ఎండు సరుగుడు ఏరి. పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ పెరట్లోకి వచ్చి, తొట్టి దగ్గరున్న నాన్నతో, "ఇప్పుడైనా ఎల్దామేటి, ఇజీనారం?" అంది. నాన్న కుడితి పొయ్యడం ఆపలేదు. "ఇంకేటికి?" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పొయ్యి మీద ఆ పూట ఏం వండిందో గాని ఎవరూ తినలేదు.

ఇప్పుడు పిల్లలు ఊరు మారాలంటే ఫోనులో లారీ పిలుస్తారు, సామాను ఎక్కిస్తారు, చేరాక ఇంట్లోవాళ్ళకి చెబుతారు. మంచిదే. వాళ్ళని ఆపే తాతలు లేరు, నానబెట్టిన మోకులు లేవు, నీలం మంట చూసి ఏడ్చే నాన్నలు కూడా లేరు. మా మనవడు నవ్వుతూనే కాయని నేల మీద కొట్టాడు. నిమ్మకాయల్ని నలిపేస్తూ కారు మెత్తగా కదిలింది, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. అరసవల్లి వీధి దాటి పెద్ద రోడ్డు మిట్ట ఎక్కేదాకా నేను బెల్టు పట్టుకుని ఊపిరి బిగబట్టే కూర్చున్నాను. కారు ఎక్కింది. ఆగలేదు. దిగమని ఎవరూ రాలేదు. అంత సులువుగా ఎక్కేసినందుకు నాకు ఏడుపొచ్చింది.